స్మిత్ అండ్ వెసన్ 627తో ఏడేళ్లు: నా ట్రిగ్గర్ పిచ్చి ఎలా వదిలిందంటే

ముందే చెప్పేస్తున్నా, రివాల్వర్ మంచిదే. దాన్ని మంచిగా ఉండనివ్వనిది నేనే. 2018లో కొన్నాను, నోట్‌బుక్‌లో రాసుకున్న లెక్క ప్రకారం ఇప్పటికి 38,000 పైచిలుకు తూటాలు కాల్చాను, మొదటి కొన్ని వందలు తప్ప అన్నీ నా గరాజులో నేను చేసుకున్నవే. కాబట్టి ఇది ఒక్క తుపాకీ మీద సమీక్ష కాదు. తుపాకీ, దాని లోపలి స్ప్రింగులు, నేను చేసే తూటాలు, ఈ మూడూ కలిపి ఒకటే మిషన్ అని నాకు అర్థం కావడానికి మూడేళ్లు పట్టింది, ఆ మూడేళ్ల గోడు ఎక్కువ ఉంటుంది ఇందులో.

డాలస్ పక్కన ఉంటాను. ఆదివారం పొద్దున్నే బ్యాగు సర్దుకుని షూటింగ్‌కి వెళ్తున్నా అని మొదటిసారి ఫోన్లో చెప్తే మా అమ్మ "ఏం సినిమా రా, నువ్వేం వేషం" అంది. మనకి షూటింగ్ అంటే అదే కదా. గ్రీన్‌కార్డు వచ్చాకే కొన్నాను ఇది. హెచ్1బీ మీద ఉన్న కుర్రాళ్లు అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నా, నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఇక్కడి ఫెడరల్ చట్టం. హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి గానీ వాటిని నమ్ముకునే ముందు లాయర్ని అడగండి, నన్ను కాదు.

రివాల్వరే ఎందుకు అంటే జెర్రీ మిక్యులెక్ అనే రివాల్వర్ షూటర్ వీడియోలు చూసి పాడైపోయాను, అంతే. 1999లో ఆయన ఒక్క సెకనులో ఎనిమిది కాల్చాడు, ఇంకో రికార్డులో ఆరు కాల్చి, రీలోడ్ చేసి, మళ్లీ ఆరు కాల్చడానికి 2.99 సెకన్లు పట్టింది. నాకు ఇప్పటికీ ఒక్క రీలోడ్‌కే అంతకన్నా ఎక్కువ పడుతుంది. యుఎస్‌పిఎస్‌ఏ (టైమర్ పెట్టి ఆడే తుపాకీ పోటీల సంఘం) లోకల్ మ్యాచ్‌కి యాభై అరవై మంది వస్తే రివాల్వర్ పట్టుకుని వచ్చేది నేనూ, ఇద్దరు రిటైరైన పెద్దమనుషులూ. పోటీ తక్కువ కదా అని సంబరపడకండి, ఆ ఇద్దరూ నన్ను ఏడేళ్లుగా ఉతికి ఆరేస్తున్నారు.

627 ఎనిమిది తూటాల తుపాకీ. నాది అయిదు అంగుళాల బారెల్, ఒకటింబావు కిలో బరువు, .357 మాగ్నమ్ ఛాంబర్, కంపెనీ నుంచే మూన్ క్లిప్పులకి వీలుగా సిలిండర్ (తూటాలు పెట్టే తిరిగే చక్రం) కోసి వస్తుంది. మూన్ క్లిప్ అంటే పువ్వులా కోసిన పల్చటి ఉక్కు రేకు, ఎనిమిది తూటాలూ దాని రెక్కల మధ్య ఇరుక్కుని ఉంటాయి, అన్నీ ఒకేసారి లోపలికి జారతాయి, కాల్చాక అన్నీ ఒకేసారి బయటపడతాయి. ఖాళీ ఇత్తడి కేసులు కూడా క్లిప్పుతో పాటే పడతాయి కాబట్టి పిస్టల్ వాళ్లలా గడ్డిలో వంగి ఏరుకునే పని లేదు, నా నడుముకి ఇదొక్కటి చాలు. కానీ ఆ రేకుని అప్పడం పట్టుకున్నట్టు పట్టుకోవాలి. వెంట్రుకవాసి వంగినా సిలిండర్ బిగుసుకుపోతుంది, అదీ సరిగ్గా టైమర్ మోగాకే తెలుస్తుంది. ఇప్పుడు ప్రతి మ్యాచ్ ముందు రాత్రి ప్రైమర్ (తూటా అడుగున ఉండే, దెబ్బకి అంటుకునే చిన్న బిళ్ల), పౌడర్ లేకుండా చేసుకున్న డమ్మీ తూటాలు పెట్టి ఒక్కో క్లిప్పునీ తిప్పి చూస్తాను, కొంచెం పట్టినట్టు అనిపించినా చెత్తబుట్టలోకే. వంచి సరిచేద్దామని చూడకండి, నేను చూశాను.

నేను వేసే తూటా .38 షార్ట్ కోల్ట్, .357 ఛాంబర్‌లో ఇదీ పడుతుంది. 19వ శతాబ్దంలో పుట్టిన తూటా అది, దాదాపు చచ్చిపోయినదాన్ని రివాల్వర్ పోటీల వాళ్లు మళ్లీ లేపారు. .38 స్పెషల్ కేసు 1.15 అంగుళాలుంటే ఇది 0.8 కూడా ఉండదు, పొట్టిది కాబట్టి క్లిప్పు సిలిండర్‌లోకి చటుక్కున దిగుతుంది, బయటకి రావడానికి ఎజెక్టర్‌కి (ఖాళీ కేసుల్ని బయటకి తోసే భాగం) అంత దూరం తోయాల్సిన పని ఉండదు. స్టార్‌లైన్ వాళ్ల ఇత్తడి వాడతాను, మొత్తం అదొక్కటే, ఎందుకంటే కేసు అడుగున ఉండే గాడి ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, కలగాపులగం చేస్తే క్లిప్పులో కొన్ని బిగుతుగా, కొన్ని వేలాడుతూ ఉంటాయి. ఒక ఇబ్బంది ఉంది. పొట్టి కేసు ముందు భాగంలో ఛాంబర్ లోపల మసి కట్టుకుపోతుంది, బద్దకించి వదిలేస్తే తర్వాత పొడుగు తూటా లోపలికి పోదు.

ఇక ట్రిగ్గర్ సంగతి. కొత్తలో డబుల్ యాక్షన్ లాగితే, అంటే సుత్తి లేవడం, పడటం రెండూ ట్రిగ్గర్ లాగుడుతోనే అయ్యేలా లాగితే, గేజి మీద పన్నెండు పౌన్ల బరువు చూపించింది. దీన్ని తగ్గించాలి అన్న పిచ్చి ఒకటి పట్టుకుంది నాకు. రీబౌండ్ స్ప్రింగు (ట్రిగ్గర్‌ని మళ్లీ ముందుకి తెచ్చేది) తేలికది వేశాను, మెయిన్ స్ప్రింగు (సుత్తితో కొట్టించేది) తేలికది వేశాను, అదీ చాలక ఊళ్లో ఒక గన్‌స్మిత్ దగ్గరికి పట్టుకెళ్లి హ్యామర్ (అదే, సుత్తి) తోక కోయించి, లోపలి భాగాలు నునుపు పట్టించి, అయిదున్నర పౌన్లకి దింపించాను. చేతిలో పెట్టుకుని లాగితే వెన్నలో కత్తి దిగినట్టే ఉండేది, వచ్చినవాళ్లందరికీ (ఖాళీదే లెండి, రెండుసార్లు చూశాకే) ఇచ్చి లాగించి చూపించేవాణ్ని. గన్‌స్మిత్ అప్పుడే అన్నాడు, ఇంత తేలికైతే ఇది ఫెడరల్ ప్రైమర్లు తప్ప ఇంకేమీ తినదు అని. ఫెడరల్ ప్రైమర్లు మిగతావాటికన్నా మెత్తన, చిన్న దెబ్బకే అంటుకుంటాయి, రివాల్వర్ వాళ్లందరూ వాటి వెంటే పడతారు. సరే అవే కొంటాను, దుకాణం నిండా ఉన్నాయిగా అనుకున్నాను.

2020 వచ్చింది. దుకాణంలో ప్రైమర్ల అర మొత్తం ఖాళీ. 2018లో వెయ్యి ప్రైమర్లు ముప్పై డాలర్ల చిల్లరకి కొన్నవి 2021లో వంద దాటినా దొరకలేదు, దొరికినా ఒక మనిషికి వంద మాత్రమే అని బోర్డు. నా దగ్గరున్న ఫెడరల్ అయిపోయాక ఎవరో దయతలచి వేరే కంపెనీవి అమ్మారు, అవీ మంచివే, నా స్నేహితుడి పిస్టల్‌లో ఒక్కటి కూడా ఆగలేదు. నా దాంట్లో మాత్రం ఎనిమిదిలో రెండో మూడో టిక్కుమని ఊరుకునేవి. చిన్నప్పుడు దీపావళికి రీలు తుపాకీ ఉండేది కదా, రీలు కాస్త చెమ్మగిల్లితే టప్ టప్ టిక్ టిక్ టప్ అనేది, అచ్చం అదే, కాకపోతే ఇది వెయ్యి డాలర్ల పైన. రివాల్వర్‌లో ఒక సుఖం ఏంటంటే పేలకపోతే మళ్లీ లాగితే పక్కది వస్తుంది, కానీ ఆ పేలనిది మళ్లీ సుత్తి కిందకి రావాలంటే చక్రం మొత్తం తిరగాలి, ఈలోపు నా మెదడు "ఎన్ని కాల్చాను, ఎన్ని ఉన్నాయి" అని లెక్కలు వేసుకుంటూ నిలబడిపోతుంది. ఆ సంవత్సరం నేను ఆడిన మ్యాచ్‌ల గురించి ఇంతకన్నా రాయను.

చివరికి ఏం చేశానంటే, అంత ఖర్చుపెట్టి తీయించినదంతా మళ్లీ పెట్టాను. బలమైన మెయిన్ స్ప్రింగు, కొంచెం పొడుగు ఫైరింగ్ పిన్ను, స్ట్రెయిన్ స్క్రూ పూర్తిగా బిగించి. పిడి ముందువైపు ఉండే ఆ చిన్న స్క్రూని వదులు చేసి ట్రిగ్గర్ తేలిక చేసుకోమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది దొరుకుతారు, చేయకండి, అది కాల్చేకొద్దీ తనంతట తానే ఇంకా వదులవుతుంది. రీబౌండ్ స్ప్రింగు కూడా ఒక మెట్టు పెంచాను. అది బలహీనంగా ఉంటే ట్రిగ్గర్ వేలికన్నా వెనకబడుతుంది, హడావుడిలో పూర్తిగా వదలకుండా మళ్లీ నొక్కితే చక్రం తిరుగుతుంది గానీ సుత్తి పడదు, ఒక తూటా దాటిపోతుంది. ఇప్పుడు గేజి మీద ఎనిమిది పౌన్లు. మొదటి నెల వేలు నొప్పి పుట్టింది, స్కోర్లు పడ్డాయి. తర్వాత పాత నోట్‌బుక్ తీసి సమయాలు పక్కపక్కన పెట్టి చూస్తే అయిదున్నరకీ ఎనిమిదికీ నాకు తేడా కనబడలేదు. నాలాంటి మధ్యరకం షూటర్‌కి అన్నమాట, పెద్ద పెద్దవాళ్లకి ఉంటుందేమో. రోజూ రాత్రి పదిహేను నిమిషాలు గోడకేసి ఖాళీ తుపాకీతో డ్రై ఫైర్ చేయడం వల్ల వచ్చిన తేడా మాత్రం బాగా కనబడింది, మా ఆవిడ సీరియల్ చూస్తూ "ఆ టిక్కులు ఆపవా" అనడం ఒక్కటే దానికయ్యే ఖర్చు.

ఇంకో సంగతి కూడా ఆ గొడవలోనే తెలిసింది. పేలనివన్నీ స్ప్రింగు తప్పు కాదు. పేలనిదాన్ని రెండోసారి కొడితే ఠక్కున పేలిందంటే చాలాసార్లు ఆ ప్రైమర్ తన గూట్లోకి పూర్తిగా దిగలేదని అర్థం, మొదటి దెబ్బ దాన్ని లోపలికి దింపడానికే సరిపోయింది. పైకి లేచి ఉన్న ప్రైమర్ రివాల్వర్‌లో ఇంకో పాపం కూడా చేస్తుంది, వెనక పలకకి రాసుకుని సిలిండర్‌నే ఆపేస్తుంది. అందుకే ఇప్పుడు తూటాలన్నీ డబ్బాలో తలకిందులుగా నిలబెట్టి ఒక్కోదాని అడుగునా వేలు పెట్టి తడుముతాను, ప్రైమర్ కేసు మట్టం కన్నా కొంచెం లోతుగా తగలాలి. వంద తూటాలకి రెండు నిమిషాల పని.

తూటాలు చేసే ప్రెస్సు డిలన్ 550. చేత్తో తిప్పే రకం, అంటే ఒక్కో లాగుకీ పలకని నేనే ముందుకి తిప్పాలి. దీని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, ఫిర్యాదంతా నా మీదే. 2022లో ఒకరోజు తూటాలు చేస్తుంటే అమ్మ ఫోను, "తిన్నావా" దగ్గర మొదలై మా మేనమామ కూతురి పెళ్లి సంబంధం దాకా వెళ్లింది, మాట్లాడుతూనే లాగుతున్నాను. రెండు వారాల తర్వాత మ్యాచ్‌లో మూడో స్టేజ్ మధ్యలో తుస్సుమంది. రేంజ్ ఆఫీసర్ స్టాప్ అని అరిచాడు, నేను వేలు తీసేశాను, తీయకపోయినా ఏమీ అయ్యేది కాదు ఎందుకంటే సిలిండర్ కదల్లేదు. లోపల పౌడరే లేదు, ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ని తోసింది, అది సగం సిలిండర్‌లో సగం బారెల్‌లో ఇరుక్కుంది. అదృష్టం అదే. పూర్తిగా బారెల్‌లోకి వెళ్లి ఆగి ఉంటే, నేను గమనించక ఇంకోటి కాల్చి ఉంటే, బారెల్ ఉబ్బిపోయేది, అంతకన్నా ఎక్కువే అయ్యేది. పౌడర్ అసలు పడకపోవడం ఒకటి, రెండుసార్లు పడటం ఇంకా భయం. ఇప్పుడు ప్రెస్సు మీద చిన్న లైటు పెట్టాను, బుల్లెట్ పెట్టేముందు ప్రతి కేసులోకీ తొంగి చూస్తాను, ఫోను ఇంట్లోనే వదిలేసి వెళ్తాను. మన భాషలో ఈ పౌడర్‌నీ మందు అనే అంటాం, తాగేదాన్నీ మందు అనే అంటాం, ఒకటి లోపలుంటే రెండోది ముట్టుకోకూడదు.

పౌడర్ ఎంత వేస్తానని అడగొద్దు, రాయను. మాన్యువల్ చూసుకోండి, కింది అంకె నుంచి మొదలుపెట్టండి. అవతలి లెక్క మాత్రం చెప్తాను. పోటీలో తూటాకి ఉండాల్సిన కనీస బలం, మైనర్ పవర్ ఫ్యాక్టర్ అంటారు, 125 కావాలి, బుల్లెట్ బరువు గ్రెయిన్లలో, వేగం సెకనుకి అడుగుల్లో, గుణించి వెయ్యితో భాగించాలి. 160 గ్రెయిన్ల బుల్లెట్‌కి 782 అడుగులుంటే గట్టెక్కుతాం, నేను 820 దగ్గర ఉంచుతాను, 131 వస్తుంది. పెద్ద మ్యాచ్‌ల్లో మన తూటాలు తీసుకెళ్లి క్రోనోగ్రాఫ్ మీద కొలుస్తారు, 125 రాకపోతే ఆడొచ్చు గానీ స్కోరు సున్నా. చలికాలం వేగం కొంచెం పడిపోతుంది, అందుకే ఆ మిగులు. బరువు బుల్లెట్ నెమ్మదిగా వెళ్తే చేతికి తన్ను మెత్తగా తగులుతుంది, తేలిక బుల్లెట్‌తో అదే ఫ్యాక్టర్ తెస్తే చురుక్కుమంటుంది.

డబ్బు మిగులుతుందా అంటే మిగలదు. ఒక్కో తూటా చవకే, అందుకని రెట్టింపు కాలుస్తాం. చేసిన తూటాలు అమ్మమని అడిగినవాళ్లున్నారు, అమ్మడానికి వేరే లైసెన్సు కావాలి, ఉన్నా నేను నా తూటాని ఇంకొకరి చేతిలో పెట్టను.

సీసం గురించి ఎవరూ చెప్పరు. మూడో ఏడు రక్త పరీక్షలో సీసం కొంచెం ఎక్కువొచ్చింది, డాక్టరు ఏం పని చేస్తారు అని అడిగితే సాఫ్ట్‌వేర్ అన్నాను, ఆయన నమ్మలేదు. కాల్చిన కేసుల్ని పొడి తవుడులాంటి దాంట్లో వేసి దొర్లించేవాణ్ని, ఆ దుమ్ము చేసిన పని. ఇప్పుడు నీళ్లలో స్టీలు పిన్నులేసి కడుగుతాను, కోటింగ్ ఉన్న బుల్లెట్లే వాడతాను, గరాజు చెప్పులు గరాజులోనే ఉంటాయి.

38,000కి అరుగుదల ఎంత అంటే, సిలిండర్ ముందుకీ వెనక్కీ ఆడటం మొదలైంది, ఒకసారి సన్నటి షిమ్ములు వేయించాను, ఈ మధ్య మళ్లీ కొంచెం తెలుస్తోంది. ఎజెక్టర్ రాడ్ రెండుసార్లు వదులై సిలిండర్ తెరుచుకోలేదు, దాని మర ఎడమచేతి మర, తెలియక మామూలుగా తిప్పితే ఇంకా వదులవుతుంది. నక్షత్రం లాంటి ఎక్స్‌ట్రాక్టర్ కింద కాలని పౌడర్ రేణువు ఒక్కటి చేరినా చక్రం పట్టేస్తుంది, కాబట్టి జేబులో పాత టూత్‌బ్రష్ ఉంటుంది, ఖాళీ కేసులు తోసేటప్పుడు బారెల్ ఆకాశం వైపు ఉంటుంది. బారెల్‌కి మాత్రం ఏమీ కాలేదు, గురి మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉంది.

మళ్లీ కొంటానా అంటే ఇదే కొంటాను, ఇంకోటి చూడను కూడా. ఆ అయిదున్నర పౌన్ల స్ప్రింగు ఇంకా గరాజులో ఖాళీ ఆవకాయ సీసాలో ఉంది. పారేద్దామని తీస్తాను, వేలితో ఒకసారి వంచి చూస్తాను, మళ్లీ సీసాలోనే వేసేస్తాను.