ఉత్తర్వు మోసేవాళ్ళ సినిమా: బ్రదర్‌హుడ్ ఆఫ్ బ్లేడ్స్

నేను 31 ఏళ్ళు కోర్టు అమీనుగా, అంటే కోర్టు ఉత్తర్వులు ఇళ్ళ దాకా తీసుకెళ్ళి అమలు చేసే ఉద్యోగిగా పనిచేశాను. కందుకూరులో మొదలుపెట్టి, కనిగిరి మీదుగా తిరిగి ఒంగోలులో రిటైరయ్యాను. ఇప్పుడు కొడుకు దగ్గరే ఉంటున్నాం. మొన్న శనివారం రాత్రి అన్నాలు తిన్నాక మా వాడు టీవీలో ఒక చైనా సినిమా పెట్టి, "నాయనా, కూర్చో. ఇది నీ ఉద్యోగం లాంటిదే" అన్నాడు. కత్తియుద్ధాల సినిమాకీ నా ఉద్యోగానికీ ఏం సంబంధంరా అన్నాను. అరగంట తిరక్కుండానే వాడి మాట నిజమనిపించింది. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

సినిమా పేరు ‘బ్రదర్‌హుడ్ ఆఫ్ బ్లేడ్స్’. 2014లో వచ్చింది, దర్శకుడు లూ యాంగ్. చైనా భాషలో దీని పేరు ‘షియు చున్ దావ్’. ఇందులో రాజభటులు నడుముకి కట్టుకునే, కాస్త వంపు తిరిగిన కత్తి పేరే అది.

కథ 1627లో జరుగుతుంది. మింగ్ వంశపు చక్రవర్తి త్యెన్‌చీ 22 ఏళ్ళు నిండకుండానే పోయాడు. 16 ఏళ్ళ తమ్ముడు చోంగ్‌జెన్ గద్దె ఎక్కాడు. అన్న హయాంలో రాజ్యాన్ని నిజంగా ఏలింది వెయ్ జోంగ్‌షియన్ అనే అంతఃపుర నపుంసక ఉద్యోగి. చదువు రానివాడు, బతికుండగానే ఊరూరా తన పేరున గుళ్ళు లేపించుకున్నవాడు. ‘తూర్పు కార్యాలయం’ అనే గూఢచారి విభాగం ఆయన చేతిలో ఉండేది. ఎదురు మాట్లాడిన పెద్ద పెద్ద అధికారులు జైళ్ళలో చచ్చిపోయారు. కొత్త రాజు రాగానే ఆయన రోజులు తిరగబడ్డాయి. రాజధాని నుంచి వెళ్ళగొట్టారు, దారిలో ఒక సత్రంలో ఉరి వేసుకున్నాడు. చరిత్ర చెప్పేది ఇంతవరకే. ఆ సత్రంలో ఆ రాత్రి ఇంకేదో జరిగి ఉంటే అన్న ఊహ మీద సినిమా నడుస్తుంది.

ఆ ముసలాయన్ని చంపి రమ్మని ముగ్గురు భటులను పంపుతారు. వీళ్ళు ‘జిన్‌యీవెయ్’ దళం వాళ్ళు. 1382లో మింగ్ వంశ స్థాపకుడు పెట్టిన దళం అది. మామూలు న్యాయస్థానాలతో వీళ్ళకు పని లేదు, వీళ్ళ జైలు వీళ్ళకే ఉండేది. ఈ ముగ్గురూ అన్నదమ్ములుగా ప్రమాణం చేసుకున్నవాళ్ళు. పెద్దవాడు లూ జియన్‌షింగ్‌కి ఇంట్లో తల్లి ఉంది, ఒక ప్రమోషన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నాడు. వందమంది మీద అధికారి అనిపించుకునే పోస్టు అది. పై ఆఫీసరుకి డబ్బు ముట్టజెబుతూనే ఉంటాడు, పోస్టు మాత్రం రాదు. రెండోవాడు షెన్ లియన్ ఒక వేశ్యాగృహంలో ఉన్న అమ్మాయిని డబ్బు కట్టి విడిపించాలని చూస్తుంటాడు. చిన్నవాడు జిన్ ఈచువాన్‌కి క్షయ రోగం. వాడి పాత జీవితం తెలిసిన ఒకడు నీడలా వెంటపడి డబ్బు గుంజుతుంటాడు. ముగ్గురికీ డబ్బు అవసరమే. ముగ్గురూ ఆ అవసరాన్ని ఒకరికొకరు దాస్తారు.

సత్రం సీన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. బయట చీకట్లో కత్తులు మోగుతున్నాయి. లోపల గదిలో వెయ్ జోంగ్‌షియన్, ఎదురుగా షెన్ లియన్. ముసలాయనగా వేసింది తైవాన్ నాటకరంగం నుంచి వచ్చిన జిన్ షిజియె. ఆయన కాళ్ళు పట్టుకోడు, అరవడు. జీవితమంతా మనుషుల ధర కట్టిన మనిషి ఎలా మాట్లాడతాడో అలాగే మాట్లాడతాడు. ఎదుటివాడి జీతం ఎంతో, వాడి కొరత ఏమిటో ఆయనకు ముఖం చూస్తేనే తెలిసిపోతున్నట్టుంటుంది. బంగారం చూపిస్తాడు. షెన్ లియన్‌గా వేసిన చాంగ్ చెన్ ముఖంలో ఆ క్షణాన ఆశ కంటే అలసట ఎక్కువ కనిపించింది నాకు. ఎన్నాళ్ళనుంచో మోస్తున్న బరువు దించుకోవడానికి ఒక గట్టు దొరికినవాడిలా ఉన్నాడు. ముసలాయన్ని వదిలేస్తాడు. కాలిపోయిన ఒక శవాన్ని తెచ్చి ఇదే వెయ్ శవమని అప్పజెబుతాడు. ఆ ఒక్క అబద్ధం ముగ్గురి మెడకూ చుట్టుకుంటుంది. వెయ్ పెంచుకున్న కొడుకులాంటివాడు, ఇప్పుడు కొత్త రాజు పక్కన చేరిన జావ్ జింగ్‌జోంగ్‌కి ఆ ముసలాయన బతికి ఉండడమే గండం. మిగతా సినిమా అంతా వాడి భయం నుంచే పుడుతుంది.

మా కనిగిరి వైపు చిన్నప్పుడు కాటమరాజు కథ చెప్పేవాళ్ళు. నెల్లూరు రాజు మనుమసిద్ధి తరఫున పుల్లరి (పశువుల మేతకు కట్టే పన్ను) వసూలుకి పాలేటి ఒడ్డున కాటమరాజు మీదకు వెళ్ళిన ఖడ్గతిక్కన, సైన్యమంతా పోతే ఇంటికి తిరిగి వస్తాడు. భార్య ఆడవాళ్ళకు పెట్టినట్టు స్నానానికి మరుగు కట్టి పసుపు ముద్ద పెడుతుంది. తల్లి విరిగిన పాలు వడ్డిస్తుంది. ఆయన మళ్ళీ కత్తి పట్టుకుని వెళ్ళి చనిపోతాడు. చిన్నప్పటినుంచీ మా చెవిన పడింది ఇదే: కత్తి దించినవాడు మగాడు కాడు. ఈ సినిమా కూడా కత్తి దించి వచ్చినవాడి కథే. కాకపోతే పసుపు పెట్టి వెళ్ళగొట్టదు. ఎందుకు దించాడో తెలుసుకోవాలని వాడి వెంటే నడుస్తుంది. అందుకే నాకు నచ్చింది.

ఇక నా ఉద్యోగం సంగతి. అమీనంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. కోర్టు డిక్రీ ఇచ్చాక అది అమలు చేయడానికి ఆ ఇంటి గడప దాకా వెళ్ళేది మేమే. సమను తీసుకోకపోతే తలుపుకి అంటిస్తాం, వారంటు ఉంటే సామాను జప్తు చేస్తాం. మాకు చట్టం గీసిన గీతలున్నాయి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం సామాను జప్తుకి పొద్దు గూకాక, తెల్లవారకముందు ఎవరి ఇంట్లోకీ అడుగుపెట్టకూడదు. వంటపాత్రలు, పక్కబట్టలు, కట్టుబట్టలు, పనివాడి పనిముట్లు ముట్టకూడదు. ఈ సినిమాలో భటులు చీకట్లోనే తలుపులు బద్దలు కొడతారు. నేను ఆ తలుపుల వైపే చూస్తూ కూర్చున్నాను.

ఒకసారి లింగసముద్రం వైపు ఒక పల్లెకు జప్తుకి వెళ్ళాను. భర్త చేసిన బాకీ, భర్త లేడు. ఇంట్లో ఒక రేకు బీరువా, సైకిలు, కుట్టుమిషను. వాది తాలూకు మనిషి మిషను కూడా రాయమని పట్టుబట్టాడు. ఆమె జాకెట్లు కుట్టి బతుకుతోంది, అది పనిముట్టు, రాయనన్నాను. బీరువా రాశాను. ఎనిమిదేళ్ళ పిల్ల వచ్చి బీరువాలోంచి తన పుస్తకాలు ఒక్కొక్కటే తీసి నేల మీద పేర్చింది. అరల్లో పరిచిన పాత పేపర్లు కూడా తీసి మడతపెట్టింది. ఏడవలేదు. "అయ్యా, ఇక తీసుకెళ్ళండి" అంది. వాళ్ళమ్మ మాకు మజ్జిగ ఇచ్చింది. నేను చేసింది చట్టప్రకారమే, సంతకాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ మడతపెట్టిన పేపర్లు మాత్రం ఇన్నేళ్ళయినా కళ్ళముందు నుంచి పోలేదు.

షెన్ లియన్ విడిపించాలని చూసే ఆ అమ్మాయి జోవ్ మియావ్‌తోంగ్ ఎవరో తెలిసినప్పుడు అందుకే నాకు గుండె కలుక్కుమంది. ఏళ్ళ కిందట ఆమె ఇంటి మీదకు ఉత్తర్వు పట్టుకుని వెళ్ళినవాళ్ళలో అతనూ ఉన్నాడు. ఆమె ఆ ఇంట్లోంచే వేశ్యాగృహానికి చేరింది. అతను కూడబెడుతున్న డబ్బు ప్రేమకా, ప్రాయశ్చిత్తానికా? అది అతనికీ తెలియదు.

సినిమాలో పెద్ద లోపం కూడా ఇక్కడే ఉంది. ఆమెకు తన కథ తను చెప్పుకునే చోటు లేదు. లియు షిషి చక్కగా చేసింది, గానీ ఆమెకు ఇచ్చింది మౌనమూ కన్నీళ్ళే. ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో, ఏం పోయిందో ఆమె నోటి వెంట ఒక్క పూర్తి సీన్ ఉండాల్సింది. అన్నీ అతని అపరాధం వైపు నుంచే చూపించారు. జిన్ ఈచువాన్‌కీ వైద్యుడి కూతురికీ మధ్య ప్రేమ కూడా పైపైనే ఉంది. రెండో సగంలో ఎవరు ఎప్పుడు ఎక్కడికి వస్తారన్నది కథకు వీలుగా కుదిరిపోతుంది. చివరికి సరిహద్దు గడ్డిమైదానంలో జరిగే పోరాటం చూడ్డానికి బాగుంది, కానీ ఇరుకు సందుల్లో, చీకటి గదుల్లో నడిచిన కథ అంత విశాలమైన చోటికి వచ్చేసరికి నాకు టెన్షన్ తగ్గిపోయింది.

పోరాటాలకు మాత్రం వంక పెట్టలేను. ఇలాంటి సినిమాల్లో చెట్ల మీద ఎగురుతుంటారని మా ఆవిడ మొదట్లో లేచి వెళ్ళబోయింది. ఇందులో ఎగరడాలు దాదాపు లేవు. కత్తికి బరువుంది, చేతికి నొప్పి ఉంది. మనిషి మనిషికీ కత్తి తీరు వేరు. చిన్నవాడు రెండు పొట్టి కత్తులతో దగ్గరకు దూరి కొడతాడు. వాణ్ణి వేధించే డింగ్ షియు మనిషంత పొడవున్న కత్తిని రెండు చేతులా తిప్పుతాడు. ఆ పాత్ర వేసిన జోవ్ ఈవెయ్ తెర మీదకు వచ్చినప్పుడల్లా మిగతావాళ్ళు వెనక్కి పోతారు. అంత దుర్మార్గుడిలోనూ చివరికి ఒక మంచి తీగ బయటపడుతుంది. అదెలాగో చెప్పను.

మా ఆవిడ పూర్తిగా కూర్చుంది బట్టల కోసం. ఆ భటుల అంగీ మీద కుట్టుపని చూసి రెండుసార్లు ఆపమంది. దాని పేరు ‘ఎగిరే చేప’ అంగీ అట, గానీ బొమ్మ అచ్చం చేప కాదు. డ్రాగన్ ఒంటికి రెక్కలూ చేప తోకా పెట్టినట్టుంటుంది. అలాంటి మంచి అంగీ కోసం, దానితో వచ్చే హోదా కోసమే కదా పెద్దన్న అన్నేళ్ళు తల వంచింది. వాంగ్ చియన్‌యువాన్ ఆ పాత్రలో ఎక్కడా ఎక్కువ చేయలేదు. పై ఆఫీసరు ముందు నిలబడినప్పుడు ఆ భుజాలు ఎలా వంగుతాయో చూడండి. సీనియారిటీ లిస్టులో పేరు కోసం ఏళ్ళు గడిపినవాళ్ళను నేను చాలామందిని చూశాను. అచ్చం ఆ భుజాలే.

మేం చూసినదానికి తెలుగు లేదు, కింద ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. అవి గబగబా వెళ్ళిపోతాయి, మొదటి పావుగంట పేర్లు కలిసిపోతాయి. మా వాడు ఒక కాగితం మీద ముగ్గురి పేర్లూ, ఎదురుగా ‘పెద్దోడు, నడిపోడు, చిన్నోడు’ అనీ రాసిచ్చాడు. మీరూ అలా చేస్తే హాయిగా చూడొచ్చు. రక్తం బాగానే ఉంది, చిన్నపిల్లలను పక్కన కూర్చోబెట్టుకోకండి. ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ తగ్గించిన ఒకటి జోవ్ మియావ్‌తోంగ్ చెప్పని కథ కోసం.

దీనికి ముందు జరిగిన కథతో 2017లో రెండో సినిమా వచ్చిందట, అందులోనూ చాంగ్ చెన్ ఉన్నాడు. వచ్చే శనివారం పెడతానన్నాడు మా వాడు. పెట్టేముందు ఆ సత్రం సీన్ ఇంకొక్కసారి వెయ్యరా అన్నాను.