రైలు డ్రైవర్ గదిలో (క్యాబ్‌లో) ఫోన్: పూర్తి నిషేధమా, హద్దులతో అనుమతా?

రైలు సిబ్బంది సోషల్ మీడియా విషయంలో సంస్థలు ఈ రెండిట్లో ఒకటి ఎంచుకుంటాయి.

పూర్తి నిషేధం రాయడం తేలిక, అమలే కష్టం. అంతా మారుపేరు అకౌంట్లలోకి, ప్రైవేటు గ్రూపుల్లోకి జారుకుంటుంది. అయితే నడుస్తున్న బండి క్యాబ్‌లో మాత్రం నిషేధమే సరి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో 5 సెకన్లు ఫోన్ చూస్తే బండి దాదాపు 140 మీటర్లు దాటేస్తుంది. 2008లో కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ దగ్గర డ్రైవర్ మెసేజ్‌ల ధ్యాసలో ఎర్ర సిగ్నల్ దాటించేయడంతో 25 మంది చనిపోయారు.

డ్యూటీ దిగాక అయితే అనుమతే మేలు. పోస్టు చేసేముందు ఫోటోను పెద్దది చేసి చూడాలి: వెనక గోడ మీద రోస్టర్ (డ్యూటీల పట్టిక), మానిటర్‌కు అంటించిన పాస్‌వర్డ్ చీటీ, ప్రయాణికుల ముఖాలు. లొకేషన్ ట్యాగ్ తీసేయాలి. ప్రమాద స్థలం ఫోటోలు అసలే వద్దు, దర్యాప్తుకు అడ్డు. పని గంటల మీద గోడు వెళ్లబోసుకుంటే మాత్రం ఆపకూడదు, అదేమీ సంస్థ రహస్యం కాదు.