డాంటన్, రోబెస్పియర్: ఎవరు మేలు?

ఫ్రెంచ్ విప్లవం పాఠం అయిపోగానే మా గ్రూప్స్ విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ, ఆ విప్లవ నాయకులు డాంటన్, రోబెస్పియర్ గురించి అడిగేది ఒకటే: "సార్, ఇద్దరిలో ఎవరు గొప్ప?"

నిజాయితీ ఒక్కటే చూస్తే రోబెస్పియర్‌దే పైచేయి. అధికారం చేతిలో ఉన్నప్పుడు కూడా డూప్లే అనే వడ్రంగి ఇంట్లో చిన్న గదిలోనే ఉన్నాడు. డాంటన్ సొంతూళ్లో భూములు కొన్నాడు. రాజు మనుషుల డబ్బు తిన్నాడన్న ఆరోపణ ఆయన్ను వదల్లేదు. 1792 సెప్టెంబరులో పారిస్ జైళ్లలో ఖైదీలను నరికేస్తుంటే న్యాయమంత్రిగా ఉండీ ఆపలేదు. ఆ మచ్చ చిన్నది కాదు.

అయినా నేను తూచేది ఒక్క విషయంతోనే: నిందితుణ్ణి మాట్లాడనిచ్చారా లేదా. ఇద్దరూ లాయర్లే మరి. 1793 మార్చిలో విప్లవ ట్రిబ్యునల్ (విప్లవ ద్రోహులను విచారించే కోర్టు) కావాలని పట్టుబట్టింది డాంటనే. అయితే అందులో జ్యూరీ ఉంది, నిందితుడికి లాయరూ ఉన్నాడు. ఏడాది తిరిగేసరికి తనే ఆ బోనెక్కాడు. సాక్షులను పిలవమన్నాడు, పిలవలేదు. ఆయన గొంతు కిటికీలు దాటి వీధిలోకి వినిపించిందంటారు. జనం అటు తిరుగుతారన్న టెన్షన్‌తో, కోర్టును అవమానించే నిందితుణ్ణి విచారణ నుంచి తప్పించొచ్చని కన్వెన్షన్ (అప్పటి జాతీయ సభ) హడావుడిగా తీర్మానించింది. 1794 ఏప్రిల్ 5న తల తీశారు. ఆ నేరారోపణకు నోట్సు రాసిచ్చింది రోబెస్పియర్. 1793 ఫిబ్రవరిలో డాంటన్ భార్య చనిపోతే, చచ్చేదాకా నువ్వంటే ప్రేమేనని ఉత్తరం రాసిందీ ఆయనే.

తర్వాత అదే ట్రిబ్యునల్ విచారణలపై జూన్ 10 చట్టం. నిందితుడికి లాయర్ లేడు, శిక్ష మరణం ఒక్కటే. సభలో పెట్టింది రోబెస్పియర్ సహచరుడు కూథాన్. వాయిదా వేద్దామన్నవాళ్లను ఆపి ఆ రోజే పాస్ చేయించింది రోబెస్పియర్. ఏడు వారాల్లో ఒక్క పారిస్‌లోనే 1,300 మందికి పైగా గిలెటిన్‌కు బలయ్యారు. జూలై 28న ఆయన్నీ విచారణ లేకుండానే చంపారు.

అందుకే నా ఓటు డాంటన్‌కి. తప్పులు చేశాడు, కానీ 1793 నవంబరుకే, మనుషుల రక్తం ఇక చాలని సభలో అడిగాడు.

మరో విప్లవ నాయకుడు మారట్ పేరు ఎత్తేవాళ్లూ ఉంటారు. పత్రిక నడిపాడు, 1793 జూలైలోనే హత్యకు గురయ్యాడు. ఈ పోలికకు అందడు.

రోబెస్పియర్ వైపు వాదించాలనుకునేవాళ్లు 1791 మే 30 నాటి ఆయన ప్రసంగం చదివి రండి. మరణశిక్ష రద్దు చేయమని అడిగాడు అందులో. ఫ్రాన్స్ ఆ పని చేసింది 1981లో.