ఆ ఖాళీ వరుస కోసమైనా వాడొచ్చు: టీచర్ ట్రైనింగ్‌లో నా డిజిటల్ పోర్ట్‌ఫోలియో

డిజిటల్ పోర్ట్‌ఫోలియో అంటే మనం చేసిన పనిని ఫొటోలు, వీడియోలు, రాతలతో ఆన్‌లైన్‌లో పేజీలుగా దాచి చూపించుకునేది. ట్రైనింగ్ మొదట్లో మాకు ఇచ్చిన అలాంటి అకౌంట్‌ని కోర్సు అయ్యేదాకా వాడాను, ఆ తర్వాత ఇంటర్వ్యూలకు తిరిగినన్నాళ్ళూ అందులోని పేజీలనే చూపించాను, కాబట్టి ఇది కొత్త మోజులో రాస్తున్నది కాదు. సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను. నేను పొగిడేదీ, తిట్టేదీ ఇంచుమించు ఈ తరహా వాటన్నిట్లోనూ ఉండేదే. పేజీ ఎలా చేయాలి, ఫొటో ఎలా ఎక్కించాలి, రంగులు ఎలా మార్చాలి లాంటివి ఎవరికైనా ఒక సాయంత్రంలో వచ్చేస్తాయి, వాటి జోలికి వెళ్ళను. నాకు చెప్పాలని ఉన్నది అందులో ఉన్న ఒక్క పట్టిక గురించి.

ఎడమ పక్కన ఒకదాని కింద ఒకటి ట్రైనీ టీచర్‌కి ఉండాల్సిన సామర్థ్యాలు ఉంటాయి. పాఠం ప్లాన్ చేయడం, తరగతి నడపడం, బోధనోపకరణాలు వాడటం, మూల్యాంకనం, తల్లిదండ్రులతో మాట్లాడటం, ఇలా. పైన వరసగా మనం చేసుకున్న పేజీలు. ఫలానా పేజీ ఫలానా సామర్థ్యానికి ఆధారం అని మనం గుర్తు పెడితే ఆ గడిలో ఖాళీ సున్నా వస్తుంది, మెంటర్ చూసి సరేనంటే అది నిండుతుంది. అంతే, ఇంకే మాయా లేదు. మహారా అనే ఓపెన్ సోర్స్ పోర్ట్‌ఫోలియో సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటిదాన్ని స్మార్ట్ ఎవిడెన్స్ అంటారు, 2016 అక్టోబర్‌లో వచ్చిన 16.10 వెర్షన్ నుంచీ ఉంది. మీకిచ్చిన దాంట్లో ఇంకో పేరుతో ఏ మెనూ అడుగునో ఉండొచ్చు, వెతకండి.

మొదట్లో నేనూ దాన్ని పట్టించుకోలేదు, ఎవరూ పట్టించుకోమనీ చెప్పలేదు. ప్రాక్టీస్ టీచింగ్ సగానికి వచ్చాక మెంటర్ మేడమ్ ఒకరోజు ఆ పట్టిక తెరిచి, ఏమీ అనకుండా స్క్రీన్ నావైపు తిప్పారు. ప్లానింగ్ వరుస కిక్కిరిసిపోయి ఉంది. ఉపకరణాల వరుసలో చార్టులు, మోడళ్ళు, ఫ్లాష్ కార్డుల ఫొటోలు. 'పిల్లలు ఏం నేర్చుకున్నారో తెలుసుకుని, దాన్నిబట్టి బోధన మార్చుకోవడం' అన్న వరుస మాత్రం ఈ చివర నుంచి ఆ చివరి దాకా తెల్లగా ఉంది. ఒక్క గుర్తూ లేదు. మా బ్యాచ్‌లో మిగతావాళ్ళవి చూస్తే దాదాపు అందరివీ అలాగే ఉన్నాయి. మా దగ్గర అడిగి తీసుకునేవన్నీ పాఠానికి ముందు తయారయ్యేవి, పాఠం అయ్యాక ఏం జరిగిందో అడిగేవాళ్ళు తక్కువ, కాబట్టి అలా ఉండక ఎలా ఉంటుంది?

పేపర్ ఫైల్‌లో ఇది కనిపించదు. ఫైల్ లావుగా ఉంటే అన్నీ ఉన్నట్టే అనిపిస్తుంది. లేనిదేదో చూపించడం పేపర్‌కి చేతకాదు, ఈ పట్టికకి చేతనైంది అదొక్కటే, అందుకే నాకు అదంటే అంత ఇష్టం.

ఆ వారమే ఆరో తరగతికి భిన్నాల కూడిక చెప్పాను. క్లాసు చివర ఒక చిన్న చీటీ ఇచ్చి 1/2, 1/3 కలిపితే ఎంతో రాయమన్నాను. బోర్డు మీద క.సా.గు. తీసి హారాలు సమానం చేసి చక్కగా చూపించాను కదా, అందరూ 5/6 రాస్తారనుకున్నాను. చీటీలు చూస్తే చాలామంది 2/5 రాశారు, లవాన్ని లవంతో, హారాన్ని హారంతో కలిపేశారు. పక్కన బల్లల వాళ్ళు ఒకళ్ళది ఒకళ్ళు చూసి రాయలేదు కూడా, అంత దూరం దూరంగా కూర్చున్నవాళ్ళు అదే తప్పు చేశారు.

మామూలుగా అయితే మర్నాడు అదే పద్ధతి ఇంకాస్త గట్టిగా చెప్పి ముందుకెళ్ళేదాన్నే. ఖాళీ వరుస కళ్ళల్లో తిరుగుతోంది కాబట్టి ఆ చీటీలు పారేయకుండా, పేర్లు కనిపించకుండా మడిచి ఫొటోలు తీసి దాచాను. మర్నాడు క.సా.గు. ఊసే ఎత్తలేదు. కాగితపు పట్టీలు పంచి, ముందు సగం మడవమన్నాను, తర్వాత అదే పొడవున్న ఇంకో పట్టీ మీద 2/5 దాకా గీత గీయమన్నాను. రెండూ పక్కపక్కన పెట్టి, "సగానికి ఇంకొంచెం కలిపాం కదా, మరి సగం కంటే తక్కువ ఎలా అయింది?" అని అడిగి ఊరుకున్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, ఆ తర్వాత వెనక బల్ల నుంచి ఒక పిల్ల "అయితే మేం కలిపింది కూడికే కాదు టీచర్" అంది. అప్పుడు హారాలు సమానం చేయడం ఎందుకో వాళ్ళే అడిగారు. మళ్ళీ చీటీ ఇస్తే ఈసారి చాలావరకు 5/6 వచ్చింది. అందరికీ కాదు, కొందరు ఇంకా 2/5 దగ్గరే ఉన్నారు, వాళ్ళ చీటీలు కూడా పేజీలో పెట్టాను.

మొదటి చీటీలు, పట్టీల ఫొటో, రెండో చీటీలు, వాటి కింద పది లైన్ల నా మాటలు. అంతే ఆ పేజీ. అలంకారం ఏమీ లేదు, ఫొటోలు కూడా కొంచెం వంకరగానే ఉన్నాయి. కానీ ఇంటర్వ్యూల్లో లింక్ తెరిచినవాళ్ళు నా 'బోధన తత్వం' పేజీ ఒక్క క్షణం కూడా చూడలేదు, నేను రాత్రులు కూర్చుని రాసుకున్న పేజీ అది. భిన్నాల పేజీ దగ్గర ఆగి ప్రశ్నలు వేశారు. ఇంకా 2/5 రాసినవాళ్ళని ఏం చేశారు అని ఒక హెడ్‌మాస్టర్ గారు అడిగారు, ఇంటర్వ్యూ మొత్తంలో నేను టెన్షన్ లేకుండా చెప్పిన జవాబు అదే.

ఇంత పొగిడాక ఒక మాట చెప్పాలి. ఖాళీ గడి చూసి నేర్చుకోవడం ఎంత మంచిదో, ఖాళీ గడి నింపడానికే పాఠం చెప్పడం అంత చెడ్డది. కోర్సు చివరికొచ్చేసరికి మా అందరికీ ఆ రోగం పట్టుకుంది. ఒకే పేజీని ఐదారు సామర్థ్యాలకు గుర్తు పెట్టేయడం, మెంటర్లు కూడా పని ఒత్తిడిలో వరసగా సరే సరే నొక్కేయడం. పట్టికకి గుర్తు ఉందా లేదా అన్నదే తెలుసు, ఆ పేజీలో సరుకుందా లేదా అన్నది తెలియదు. లీ షుల్మన్ అనే విద్యావేత్త 1998లోనే టీచర్ పోర్ట్‌ఫోలియోల ప్రమాదాల్లో లామినేషన్ అని ఒకదాన్ని చెప్పారు, అంటే లోపలిదాని కన్నా పైమెరుగు ఎక్కువై అదొక ప్రదర్శనగా మిగలడం. మా బ్యాచ్ చివరి నెలలో జరిగింది అచ్చం అదే. నాకు ఆ వరుస ఉపయోగపడింది కూడా మా మేడమ్ అది చూపించి ఊరుకోకుండా, తర్వాత ఆ చీటీలు నాతోపాటు కూర్చుని చూశారు కాబట్టి. ఆవిడ లేకపోతే ఈ సమీక్ష ఇలా ఉండేది కాదేమో.

ఇక అసలు మంట. కోర్సు అయిపోయాక అకౌంట్లు ఫలానా తేదీకి మూసేస్తాం, ఎవరివి వాళ్ళు దించుకోండి అని మెయిల్ వచ్చింది. ఎక్స్‌పోర్ట్ నొక్కాను, జిప్ ఫైల్ వచ్చింది, పేజీలు చక్కగానే తెరుచుకున్నాయి. పట్టిక మాత్రం లేదు! ఏ పేజీ దేనికి ఆధారమో, మెంటర్ ఎక్కడ సరేనన్నారో, పేజీల కింద ఆవిడ రాసిన కామెంట్లు, ఏవీ రాలేదు. నేను అంతగా ఇష్టపడ్డ ఒక్క విషయమే బయటికి రాదన్నమాట. వీడియోలది ఇంకో కథ. పేజీలో కనిపించేది వీడియో కాదు, సంస్థ డ్రైవ్‌కి వెళ్ళే లింక్, అది నొక్కితే లాగిన్ అడుగుతుంది, లాగిన్ మూసేస్తున్నారు. హెల్ప్‌డెస్క్‌కి రాస్తే "మీ డేటా మొత్తం జిప్‌లో ఉంది" అని జవాబు. చివరికి తేదీ లోపు కూర్చుని, పట్టికకి స్క్రీన్‌షాట్లు తీసి, కామెంట్లు ఒక్కొక్కటీ కాపీ చేసుకుని, వీడియోలు విడిగా దించుకున్నాను. లీప్2ఏ అని ఒక ఫార్మాట్ ఉంది, ఒక పోర్ట్‌ఫోలియో సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మార్చుకోవడానికి చేసింది, మహారా మామూలు వెబ్ పేజీల రూపంతో (హెచ్‌టీఎంఎల్) పాటు అందులోనూ ఎక్స్‌పోర్ట్ ఇస్తుంది. కానీ దించుకున్నది ఎక్కించుకోవడానికి అవతల ఇంకో అకౌంట్ ఉండాలి కదా, చదువు అయిపోయినవాళ్ళకి అది ఎవరిస్తారు?

ఫొటోల గురించి ఒక్కమాట. పిల్లల ముఖాలు లేకుండానే పోర్ట్‌ఫోలియో బాగా వస్తుంది. చేతులు, నోటుబుక్కులు, బోర్డు చాలు, వాటికైనా స్కూలు అనుమతి ముందే తీసుకోండి. ఫోన్‌లో తీసిన ఫొటోలో లొకేషన్ కూడా దాగి ఉండొచ్చు, ఎక్కించే ముందు తీసేయండి. 'రహస్య లింక్' అన్నదాన్ని మరీ నమ్మొద్దు, ఆ లింక్ ఎవరి చేతికి వెళ్తే వాళ్ళకి పేజీ కనిపిస్తుంది, అందుకే గడువు తేదీ పెట్టే వీలుంటే పెట్టండి.

మరి వాడాలా వద్దా అంటే, నాకు గట్టిగా చెప్పడం కష్టం. నాది లెక్కలు, చీటీ మీద తప్పు కంటికి కనిపిస్తుంది, ఫొటో తీస్తే ఆధారమవుతుంది. సంగీతమో, ఆటలో చెప్పేవాళ్ళకి వీడియోలే దిక్కు, వాళ్ళ బాధ నాకన్నా ఎక్కువ. పేజీలు తెరిచి చదివే మెంటర్ దొరికితే వాడండి. తెరవకుండా సంతకం పెట్టే మనిషైతే ఇదంతా చేసి లాభం తక్కువ, మామూలు ఫోల్డరూ, ఆ పట్టికలాంటి ఒక స్ప్రెడ్‌షీటూ సరిపోతాయి. ఉద్యోగంలో చేరాక నేనిప్పుడు చేస్తున్నది అదే, అది కూడా టర్ముకి ఒకసారి, తీరిక దొరికితే. ఇప్పుడే అకౌంట్ వచ్చినవాళ్ళు మాత్రం ఒక పేజీ చేసి, ఒక గుర్తు పెట్టి, ఒక కామెంట్ రాయించుకుని, మొదటి నెలలోనే ఎక్స్‌పోర్ట్ చేసి, నెట్ ఆపేసి ఆ ఫైల్ తెరిచి చూడండి. ఏది కనిపించలేదో అది మొదటి నుంచీ ఇంకోచోట కూడా దాచుకోండి.