సొంత కథ: మీరే గీస్తారా, గీయిస్తారా?

తమ జీవితాన్నే బొమ్మల కథగా చెప్పడానికి అమెరికా అండర్‌గ్రౌండ్ కామిక్స్‌లో (పెద్ద కంపెనీలకు బయట, సొంతంగా వేసుకున్న బొమ్మల పుస్తకాలు) రెండు దారులూ కనిపిస్తాయి.

జస్టిన్ గ్రీన్ (బింకీ బ్రౌన్, 1972; తన పాపభయం కథ): రాత, గీత రెండూ తనవే.
హార్వీ పీకార్ (అమెరికన్ స్ప్లెండర్, 1976 నుంచి; తన రోజువారీ బతుకు కథలు): రాత తనది, గీత రాబర్ట్ క్రంబ్ లాంటి కార్టూనిస్టులది.

ఖర్చు: పీకార్ మొదట్లో అచ్చు ఖర్చు తనే భరించాడు. క్లీవ్‌లాండ్ ఆసుపత్రిలో ఫైళ్ల గుమాస్తా ఉద్యోగం ఉండబట్టి సరిపోయింది.

శ్రమ: పీకార్ పుల్లల్లాంటి గీతల బొమ్మలు వేసి ఆర్టిస్టుకి ఇస్తే చాలు. గ్రీన్‌కి ప్రతి గీతా తనదే.

రిస్క్: గ్రీన్‌దే ఎక్కువ. ఒళ్లంతా కట్టేసి తలకిందులుగా వేలాడదీస్తే, నోట్లో పెన్ను పెట్టుకుని గీస్తున్నట్టు పుస్తకం మొదట్లోనే తన బొమ్మ వేసుకున్నాడు! ఆ బొమ్మ ఇంకొకరి చేత వేయించుకోగలమా? నాకైతే అనుమానమే.

పాపభయం, ఎవరికీ చెప్పుకోలేని సిగ్గు మీ కథైతే మీరే గీయండి, చెయ్యి వంకరపోయినా సరే. ఆఫీసు కబుర్లు, సూపర్‌మార్కెట్ క్యూలో విసుగు అయితే మంచి ఆర్టిస్టుని వెతుక్కోండి.