పాత గుమ్మాలతో కట్టిన కోళ్ల గూడు: మూడేళ్లు దాటాక

పాత సామానుతో కోళ్ల గూడు కట్టుకుంటే ఖర్చు తగ్గే మాట నిజమే. కానీ ఏది పాతది కొనాలి, ఏది కచ్చితంగా కొత్తదే కొనాలి అన్నది తెలియకపోతే మిగిలిన డబ్బులు రిపేర్లకే పోతాయి. మాది విజయవాడ పాయకాపురం. ఇంటి వెనక ఖాళీలో 2022లో ఈ గూడు కట్టించాం, ఇప్పటికీ వాడుతున్నాం. నాటు పెట్టలు, గ్రామప్రియ అనే పెరటి రకం పెట్టలు కలిసి ఉంటాయి. పుంజు లేదు. పక్కింటి పిన్నిగారికి తెల్లవారుజామున కూత పడదు. గుడ్లు పెట్టడానికి పుంజుతో పనీ లేదు.

అన్నిటికంటే బాగా కలిసొచ్చినవి గుమ్మాలు. ఊళ్లో పాత ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతున్నారు కాబట్టి పాత గుమ్మాలు, కిటికీలు అమ్మే కొట్లలో సరుక్కి లోటు లేదు. తలుపులు లేని ఒట్టి గుమ్మాలను ఎవరూ అడగరు, బేరం మన చేతిలోనే ఉంటుంది. "కోళ్లకి టేకు గుమ్మాలేంటమ్మా, వాటి యోగం బాగుంది!" అని కొట్టాయన నవ్వాడు గానీ అడిగిన రేటుకే ఇచ్చాడు. మూడు గుమ్మాలు నిలబెట్టి, పైన వాసాలతో కలిపితే గూడు ఆకారం వచ్చేసింది. మూలలు ముందే మట్టంగా ఉండటంతో వడ్రంగి మేస్త్రికి సగం పని తప్పింది. ఏళ్ల తరబడి ఎండిన టేకు కదా, ఇన్ని వానలకీ వంకర పోలేదు. కాళ్లు మట్టిలో పాతకుండా రాళ్ల మీద నిలబెట్టించాం, చెద కూడా పట్టలేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ఆకుపచ్చ, నీలం ఆయిల్ పెయింటు పెచ్చులూడుతున్న తలుపులు ఎంత చవకైనా వద్దు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులో ఎంత సీసముందో చూసి చెప్పలేం. కోడికి ఊడిన పెచ్చు కనబడితే పొడవకుండా ఉండదు. సీసం దాని ఒంట్లోకి, అక్కణ్ణించి గుడ్డులోకి వస్తుంది. గీకించేద్దామంటే ఆ దుమ్ము మనకే చేటు. అందుకని వార్నిష్ పోయి కర్ర బయటపడినవే ఏరుకున్నాం.

ఆటోనగర్‌లో దొరికే చెక్క ప్యాలెట్లు, అంటే సరుకు పేర్చే చెక్క బల్లలు కూడా చూశాం. వాటి మీద హెచ్‌టీ అని ముద్ర ఉంటే వేడితో శుద్ధి చేసిన కర్ర, పరవాలేదు. ఎంబీ అని ఉంటే పురుగుల్ని చంపే మిథైల్ బ్రోమైడ్ అనే విష గ్యాస్ పట్టించినది, ముట్టుకోవద్దు. మాకు చూపించినవాటికి ముద్రల సంగతి అలా ఉంచితే, గ్రీజు, ఇంజినాయిలు పీల్చుకుని నల్లగా ఉన్నాయి. వెనక్కి తిరిగి వచ్చేశాం.

నేలకి నాపరాళ్లు వేశాం. పాత వంటింటి గట్ల నుంచి తీసినవి, అంచులు విరిగినవి కాబట్టి దాదాపు ఊరికే వచ్చాయి. మా వీధిలో పందికొక్కులు ఎక్కువ. మట్టి నేలైతే రాత్రికి రాత్రి కింద నుంచి కన్నం పెట్టి లోపలికి వస్తాయి. నాపరాళ్లు వేశాక ఒక్కటీ రాలేదు. రాళ్ల మీద వరి ఊక మూడు నాలుగు అంగుళాలు పోస్తాం. ఊక పొడిగా ఉన్నంతకాలం వాసన ఉండదు. తడిస్తే మాత్రం అమ్మోనియా ఘాటు కళ్లకి తగులుతుంది, ఆ రోజే తీసేయాలి. తీసిన ఊక మునగ చెట్టు మొదట్లోకి పోతుంది.

ఇక మెష్. ఇక్కడ మాత్రం పాతది కొనకండి. మేస్త్రి ముందు ఆరు పలకల కోడి మెష్ కొట్టాడు, ఎక్కడో విప్పుకొచ్చిన సరుకు. దాని పేరులో కోడి ఉందనే గానీ అది కోడిని లోపల ఉంచుతుందంతే, బయటివాటిని ఆపదు. తీగ సన్నం, కన్నాలు పెద్దవి. ఒక రాత్రి బావురుపిల్లి ఓ మూల లాగి చింపి పెట్టను ఎత్తుకుపోయింది. ముంగిసకైతే అంత కష్టం కూడా అక్కర్లేదు, కన్నం కాస్త వెడల్పయితే చాలు. మర్నాడే అర అంగుళం కన్నాల వెల్డెడ్ మెష్ కొత్తది తెప్పించాం. మొత్తం గూడులో ఎక్కువ డబ్బు దానికే అయింది. ఆ తర్వాత పిల్లి లేదు, ముంగిస లేదు, జెర్రిపోతు కూడా రాలేదు. మెష్ కోసినప్పుడు రాలే తీగ ముక్కలన్నీ ఏరేయాలి. కోళ్లు మింగితే కడుపులో గుచ్చుకోవచ్చు, పైగా తీగ మీది జింకు పూత వాటికి విషం. మేస్త్రులు ఇది పట్టించుకోరు, మనమే అయస్కాంతంతో ఊడ్చినట్టు తిప్పాలి.

పైకప్పు సంగతి పెద్ద కథ. పాత జింకు రేకులు కిలో లెక్కన కొన్నాం. మేకుల కన్నాలకి తారు పెట్టించాం, వానకి కారలేదు. ఎండకే చిక్కు. మన ఊరి మే నెల మీకు తెలుసు, 44, 45 అంటే ఆశ్చర్యపోం. కోడి ఒంటి వేడే మామూలుగా 41 డిగ్రీలు ఉంటుంది, దానికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పడమే దానికున్న దారి. రేకు కింద మధ్యాహ్నం పూట రెక్కలు విడదీసి రొప్పుతుంటే చూడలేకపోయాం. పాత ఫ్లెక్సీ బ్యానర్లు కప్పి చూశాం. ఎన్నికల తర్వాత ఫ్లెక్సీలకి కొదవా? ఒక్క ఎండాకాలానికే నాయకుల మొహాలు పొడి పొడిగా రాలడం మొదలైంది, ఆ ప్లాస్టిక్ ముక్కలు ఊకలో కలిశాయి. పీకి పారేశాం. చివరికి పనిచేసింది తాటాకు. రేకు మీద వెదురు బద్దలు పరిచి, జానెడు ఖాళీ వదిలి తాటాకు కప్పించాం. ఆ ఖాళీలో గాలి ఆడితేనే తేడా తెలుస్తుంది, రేకుకి ఆనించి కప్పితే అంత లాభం లేదు. తడి గోనె సంచులు పడమటి వైపు ఒక్కదానికే కడతాం. నాలుగు వైపులా కడితే లోపల ఉక్క పెరిగి కోళ్లకి ఇంకా కష్టం.

దిక్కు కూడా ముఖ్యం. పొడుగు తూర్పు పడమరలుగా ఉంటే ఉదయం, సాయంత్రం ఎండ పక్కల నుంచి లోపలికి కొట్టదు. ఇది మా అత్తయ్యగారి మాట. నూజివీడు వైపు పెరిగిన మనిషి, కోళ్ల విషయంలో ఆవిడ చెప్పింది ఇప్పటిదాకా తప్పు పోలేదు.

కూర్చునే కర్రలకి పాత మంచం పట్టెలు వాడాం. రెండంగుళాల వెడల్పు, అంచులు నున్నగా అరిగినవి, కోడి పాదానికి సరిగ్గా సరిపోయాయి. స్క్రాపులో ఇనుప పైపులు చవకే గానీ ఎండకి కాలతాయి, పట్టు జారుతుంది. పాత కర్రతో వచ్చే బాధ రెడ్ మైట్లనే సన్నటి ఎర్ర పురుగులు. పట్టెల బెజ్జాల్లో పగలంతా దాక్కుని రాత్రి కోళ్ల రక్తం తాగుతాయి. చీకటి పడ్డాక తెల్లగుడ్డతో కర్ర కింద తుడిస్తే ఎర్ర మరకలు కనిపిస్తాయి. బెజ్జాలన్నీ మూసి సున్నం కొట్టించాం, వేపనూనె పూస్తుంటాం, పొర్లడానికి బూడిద పోసిన తొట్టి పెట్టాం. పూర్తిగా పోయాయని అనను, అదుపులో ఉన్నాయి.

గుడ్లు పెట్టడానికి ఇరవై లీటర్ల పెయింటు డబ్బాలు అడ్డంగా కట్టాం, అన్నీ శుభ్రంగా కడిగిన వాటర్ బేస్ రంగువి. అన్నీ ఒకేలా ఉన్నా పెట్టలన్నిటికీ ఒక్క డబ్బాయే కావాలి. ఒకటి లోపలుంటే ఇంకోటి బయట నిలబడి గోల.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు మా వైపు మునిగేలా పొంగినప్పుడు కోళ్లని గంపల్లో డాబా మీదికి చేర్చాం. గూడు మాత్రం రోజుల తరబడి నీళ్లలో నిలబడింది. నీళ్లు తీశాక చూస్తే పాత సామాను అసలు విలువ తెలిసింది. దాణా అరకి వేసిన పాత ప్లైవుడ్ పొరలు పొరలుగా విడిపోయింది. వెల్డెడ్ మెష్ కింది వరస అతుకుల దగ్గర తుప్పు పట్టింది, ఆ ముక్క వరకు మార్చాం. టేకు గుమ్మాలు ఎండాక మళ్లీ మామూలే. నాపరాళ్ల మీద బురద గీకేసి, బ్లీచింగ్ నీళ్లతో కడిగి, సున్నం చల్లి, బాగా ఎండనిచ్చాకే కోళ్లని దింపాం. మట్టి నేలైతే ఆ బురద వాసన ఎన్నాళ్లుండేదో.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ అన్నప్పుడు కొన్ని వారాలు బయటికి వదల్లేదు. గూడు ముందు తిరిగే చోటుకి పైన కూడా మెష్ ఉండటం అప్పుడు ఉపయోగపడింది, కాకులు దాణా మీద వాలే వీల్లేకపోయింది.

తాటాకు రెండేళ్లకోసారి మార్చాల్సి వస్తోంది, ఈ మధ్య కప్పేవాళ్లు కూడా దొరకట్లేదు. మంగళగిరి దగ్గర పడగొడుతున్న ఇంటి బెంగుళూరు పెంకులు ఉన్నాయని కొట్టాయన ఫోన్ చేశాడు. పెంకులకి వాలు ఇంకా ఎక్కువ కావాలి, బరువుకి వాసాలూ పెంచాలి. మేస్త్రి వచ్చి కొలతలు చూసి, గుమ్మాలు ఆ బరువు మోస్తాయన్నాడు. ఎండలు ముదరకముందే వేయించాలి.