ఐసీయా, ఎన్‌సీయా? సునౌలీ నుంచి ముక్తినాథ్ దాకా

నేపాల్ కొండల్లోని ముక్తినాథ్ గుడికి వెళ్తూ సునౌలీ సరిహద్దు గేటు దాటగానే ముందు నేర్చుకోవాల్సిన ప్రశ్న ఇదే: చెప్పిన ధర ఐసీయా, ఎన్‌సీయా? ఐసీ అంటే ఇండియన్ కరెన్సీ, ఎన్‌సీ అంటే నేపాలీ కరెన్సీ. 100 ఐసీకి 160 ఎన్‌సీ, 1993 నుంచి ఇదే రేటు. గది "ఎనిమిది వందలు" అని ఎన్‌సీలో చెబితే మన 500. అడక్కుండా ఎనిమిది వంద నోట్లు చేతిలో పెడితే 300 పోయినట్టే. మన వంద నోట్లే ఎక్కువ తీసుకెళ్లండి, 500 నోటు చూస్తే చాలా కొట్లవాళ్లు తటపటాయిస్తారు.

ఈ రేటు వల్లే మనవాళ్లకు నేపాల్ చవక దేశం. ఎదురొచ్చేవాళ్లకు ఇండియా కూలి దొరికే దేశం. నేపాల్ పడమటి కొండ జిల్లాల్లో మన దేశానికి పనికి రావడాన్ని "కాలాపహాడ్ వెళ్లడం" అంటారు. గల్ఫ్‌కైతే పాస్‌పోర్టు, ఏజెంటు, వాటికోసం అప్పు కావాలి. ఇక్కడికి బస్సు చార్జీ ఉంటే చాలు. హైదరాబాద్ వీధుల్లో రాత్రి విజిల్ ఊదే గూర్ఖాల్లో అలా వచ్చినవాళ్లూ ఉంటారు. ఖాట్మండూ కలవారికేమో ఇండియా అంటే ఢిల్లీ ఆసుపత్రి, పిల్లలకు కాలేజీ సీటు. సరిహద్దు పల్లెలకు కిరాణా కొట్టు: 2023లో 100 ఎన్‌సీ దాటిన సరుకుకు సుంకం గట్టిగా వసూలు చేస్తుంటే గోల పెట్టింది వాళ్లే. ఖాట్మండూ క్యాసినోల్లోకి చట్టప్రకారం నేపాలీలకు ప్రవేశం లేదు, ఆ బల్లలు మనలాంటివాళ్ల కోసం.

విజయవాడ, వరంగల్ మీదుగా రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ గోరఖ్‌పూర్ చేరుస్తుంది. అక్కణ్నుంచి సునౌలీకి బస్సులో సుమారు మూడు గంటలు. రాత్రి సునౌలీలో ఆగొద్దు, దుమ్మూ లారీ హారన్లే. లుంబినీ దాకా వెళ్లిపోతే కొరియా విహారంలో తక్కువ ఖర్చుకే బస, భోజనం దొరుకుతాయి. హంగులుండవు.

ముక్తినాథ్‌కు దారి పోఖరా నుంచి. అక్కణ్నుంచి గుడికి దగ్గరి ఊరు జోమ్‌సోమ్‌కు విమానంలో 20 నిమిషాలే. టికెట్ మాత్రం నేపాలీలకో ధర, మనకో ధర, మిగతా విదేశీయులకు డాలర్లలో ఇంకో ధర. మన ధర కావాలంటే పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చూపాలి, ఆధార్‌ను నమ్ముకోవద్దు. పొద్దెక్కితే కాళీగండకి లోయలో గాలి లేస్తుంది కాబట్టి విమానాలన్నీ ఉదయమే. రద్దయితే మర్నాడే గతి, ఒక రోజు మిగుల్చుకోండి. బేని మీదుగా జీపులో అయితే ఒళ్లు హూనమయ్యే రోజంతా ప్రయాణం. వానాకాలంలో కొండచరియలు పడి దారి మూసుకుపోతుంది. అయినా జీపే నయం, ఎత్తు మెల్లగా అలవాటవుతుంది. ముక్తినాథ్ 3,700 మీటర్ల పైన ఉంది. డబ్బు పెట్టి హెలికాప్టర్లో నేరుగా దిగినవాళ్లకే తలనొప్పి, వాంతులు ఎక్కువ. ముందు రాత్రి దారిలోని మార్ఫాలోనో జోమ్‌సోమ్‌లోనో పడుకోండి. పెద్దవాళ్లు గుడి దగ్గరి 108 నీటి ధారల కింద మునగక్కర్లేదు, నెత్తిన చల్లుకుంటే చాలు, ఆ నీళ్లు మంచులా ఉంటాయి.

గుడి కిందున్న ఊరు రాణీపౌవా నుంచి పైకి నడవలేనివాళ్లకు గుర్రాలున్నాయి. రానూపోనూ ఎంతో, ఐసీయో ఎన్‌సీయో ఎక్కకముందే తేల్చుకోండి.